హెడ్ గ్యాస్కెట్ పోవడానికి ముందు ఏం జరుగుతుంది?

సంక్షిప్తంగా: ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే పలుచని పొర హెడ్ గ్యాస్కెట్. దాని వైఫల్యాల్లో చాలావరకు ఇంజిన్ మితిమీరి వేడెక్కడంతో మొదలవుతాయి. ఆ వేడికి మూలం వెతికితే తరచూ చిన్న లోపమే బయటపడుతుంది: వదులైన హోస్ క్లిప్పు, పట్టు తప్పిన రేడియేటర్ మూత, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) బదులు పోసిన బోరు నీళ్లు, దుమ్ముతో పూడిన రేడియేటర్. కూలెంట్‌ను గడువు ప్రకారం మార్చడం, మట్టాన్ని గమనిస్తూ ఉండడం, ఉష్ణోగ్రత ముల్లు పైకి ఎక్కగానే ఇంజిన్ ఆపడం వల్ల ముప్పు చాలావరకు తప్పుతుంది. రూపకల్పనలోనే బలహీనత ఉన్న ఇంజిన్లు కొన్ని ఉన్నాయి. వాటికి నిర్వహణ పూర్తి రక్షణ ఇవ్వలేదు కానీ ఆయుష్షు పెంచుతుంది.

ఎండలు ముదిరిన కొద్దీ గ్యారేజీల్లో ఒక మాట పదేపదే వినిపిస్తుంది: "హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాలి." కారు యజమానికి ఇందులో రెండు విషయాలు అంతుపట్టవు. బిల్లులో గ్యాస్కెట్ ధర ఒక మూలన చిన్నగా ఉంటుంది, మొత్తం మాత్రం దానికి ఎన్నో రెట్లు. పైగా నిన్నటిదాకా ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన బండి ఒక్క ప్రయాణంలో ఇలా ఎందుకైంది? రెండు ప్రశ్నలకూ సమాధానం ఆ గ్యాస్కెట్ ఎక్కడ ఉంటుంది, ఏం భరిస్తుంది అన్న దాంట్లోనే ఉంది.

రేకు ఒకటి, కాపలా మూడింటికి

కారు ఇంజిన్‌లో కింది భాగం సిలిండర్ బ్లాకు, పై భాగం సిలిండర్ హెడ్. బ్లాకులో పిస్టన్లు కదులుతాయి, హెడ్‌లో వాల్వులు, స్పార్క్ ప్లగ్గులు ఉంటాయి. ఈ రెండింటి మధ్య బోల్టుల బిగింపులో నలిగి కూర్చున్న, దాదాపు ఒక మిల్లీమీటరు మందమున్న పొర పేరే హెడ్ గ్యాస్కెట్. సిలిండర్‌లో మండే వాయువు, ఇంజిన్ ఆయిల్, కూలెంట్ ఒకదానితో ఒకటి కలవకుండా అది కాపాడాలి. ఈ మూడింటి దారులూ పక్కపక్కనే, కొన్నిచోట్ల ఒక సెంటీమీటరు ఎడం కూడా లేకుండా బ్లాకు నుంచి హెడ్‌లోకి సాగుతాయి.

ఆ పని ఎంత కఠినమో చిన్న లెక్క చెబుతుంది. 75 మిల్లీమీటర్ల వ్యాసమున్న సిలిండర్‌లో పీడనం 60 బార్లకు (ఒక బార్ అంటే దాదాపు వాతావరణ పీడనమంత) చేరితే హెడ్‌ను పైకి నెట్టే బలం రెండున్నర టన్నులు దాటుతుంది. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో సిలిండర్‌లో ఈ తోపుడు నిమిషానికి 1,500 సార్లు వస్తుంది. టర్బో డీజిల్ ఇంజిన్లలో పీడనం 150 బార్లను కూడా మించుతుంది. మండే క్షణంలో వాయువు వేడి 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. గోడకు అవతలే పారుతున్న కూలెంట్ మాత్రం 90 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి.

ఒకప్పుడు ఈ గ్యాస్కెట్లను లోహపు రేకుల మధ్య ఆస్బెస్టాస్ కూర్చి తయారు చేసేవారు. తర్వాత గ్రాఫైట్ మిశ్రమాలు వచ్చాయి. 1990ల నుంచి స్ప్రింగు స్టీలు రేకులను పొరలుగా పేర్చి, పైన రబ్బరు వంటి పూత పూసిన గ్యాస్కెట్ల వాడకం పెరిగింది. ఇవి పాతవాటికన్నా చాలా గట్టివి. అయితే కింద బ్లాకు, పైన హెడ్ అద్దంలా చదునుగా ఉంటేనే వాటి గట్టితనం పనికొస్తుంది.

రెండు లోహాల మధ్య తేడా

చాలా ఇంజిన్లలో హెడ్ అల్యూమినియంది, బ్లాకు పోత ఇనుముది. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 40 సెంటీమీటర్ల పొడవున్న హెడ్ 80 డిగ్రీల మేర వేడెక్కితే 0.7 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. అంతే పొడవున్న ఇనుప బ్లాకు 0.35 దగ్గర ఆగిపోతుంది. ఉదయం స్టార్ట్ చేసిన ప్రతిసారీ, సాయంత్రం చల్లారిన ప్రతిసారీ ఈ తేడాను గ్యాస్కెటే సర్దుకుంటుంది. మామూలు వేడి వరకు అది తట్టుకునేలానే తయారీదారులు రూపొందిస్తారు.

వేడి హద్దు దాటినప్పుడు కథ మారుతుంది. హెడ్ అన్ని వైపులా పెరగాలని చూస్తుంది, బోల్టులు పెరగనివ్వవు. మధ్యలో ఉన్న గ్యాస్కెట్ తట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువగా నలుగుతుంది. వేడికి మెత్తబడిన అల్యూమినియం కూడా ఆ ఒత్తిడికి లొంగి శాశ్వతంగా వంగుతుంది. ఇంజిన్ చల్లారాక హెడ్ మునుపటి ఆకారానికి రాదు, నలిగిన గ్యాస్కెట్ తిరిగి పొంగదు. అక్కడ సన్నని సందు మిగులుతుంది. చాలా కార్ల సర్వీసు మాన్యువళ్లు హెడ్‌లో 0.05 మిల్లీమీటర్ల దగ్గరే వంపునకు హద్దు గీస్తాయి. మనిషి తల వెంట్రుక మందం చాలామందిలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. వెంట్రుకంత సందు చాలు, తర్వాతి పని టన్నుల బలంతో తోసే వాయువు చేసుకుంటుంది.

గ్యాస్కెట్‌కు రెండో శత్రువు నాకింగ్. ఇంధనం వరుసగా మండాల్సింది పోయి ఒక్కసారిగా పేలినట్టు మండితే సిలిండర్ అంచున ఉన్న గ్యాస్కెట్ వలయం మీద సుత్తి దెబ్బల్లాంటి ఒత్తిడి పడుతుంది. సిలిండర్‌లో పేరుకున్న మసి, తగని స్పార్క్ ప్లగ్గులు దీనికి కారణాలు కావచ్చు. ఇంజిన్ వేడెక్కితే నాకింగ్ కూడా పెరుగుతుంది కాబట్టి రెండూ తరచూ కలిసే వస్తాయి.

నీళ్లు సరిపోవా?

తెలుగు రాష్ట్రాల్లో కూలెంట్ గురించి ఎక్కువగా వినిపించే వాదన ఒకటుంది: ఇక్కడ మంచు కురవదు, కాబట్టి నీళ్లు చాలు. ఈ వాదన పూర్తిగా నిరాధారం కాదు. వేడిని మోసే గుణంలో నీళ్లే మేలు. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ అనే రసాయనం కలిపితే ఆ గుణం కొంత తగ్గుతుంది. చిక్కగా ఉంటే మంచిదనుకొని నీళ్లు కలపకుండా గ్లైకాల్ మాత్రమే పోస్తే ఇంజిన్ ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. గడ్డకట్టకుండా ఆపడం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. దక్షిణాదికి కావాల్సినవి మిగతా రెండు పనులు.

మొదటిది మరిగే స్థానం. నీళ్లు, ఇథిలీన్ గ్లైకాల్ సగం సగం కలిపిన మిశ్రమం మామూలు పీడనంలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత లోపల ఒక బార్ అదనపు పీడనాన్ని పట్టి ఉంచితే నీళ్ల మరిగే స్థానం 120 డిగ్రీలకు, మిశ్రమానిది 129 డిగ్రీల దగ్గరకు చేరుతుంది. 45 డిగ్రీల ఎండలో, ఏసీ వేసుకొని, నిండా మనుషులతో ఘాట్ రోడ్డు ఎక్కే కారుకు ఈ తొమ్మిది డిగ్రీల వెసులుబాటు చిన్నది కాదు. హెడ్ లోపలి సన్నని దారుల్లో ఎక్కడైనా ద్రవం మరిగి ఆవిరి బుడగ ఏర్పడితే అక్కడి లోహానికి చల్లదనం అందదు. ముల్లు ఇంకా మధ్యలో ఉండగానే ఆ చోట హెడ్ కాలిపోతూ ఉంటుంది.

రెండోది తుప్పు నివారణ. అల్యూమినియం, ఇనుము, టంకం, రాగి వంటి వేర్వేరు లోహాలు ఒకే ద్రవంలో మునిగి ఉంటే లోపల చిన్న బ్యాటరీ తయారైనట్టే. బలహీనమైన లోహం మెల్లగా కరిగిపోతుంది. కూలెంట్‌లోని రసాయనాలు దీన్ని అడ్డుకుంటాయి. ఆ రసాయనాలు శాశ్వతం కావు. కాలం గడిచేకొద్దీ అవి ఖర్చవుతాయి, గ్లైకాల్ విరిగి ఆమ్లాలుగా మారుతుంది. అప్పుడు హెడ్ ఉపరితలంలో కూలెంట్ రంధ్రాల అంచులు గుంటలు పడతాయి. ఇంజిన్ ఒక్కసారి కూడా వేడెక్కకపోయినా గ్యాస్కెట్ పోయే సందర్భాలకు ఇదొక ముఖ్య కారణం. మట్టం ఎప్పుడూ సరిగ్గానే ఉంది కదా అని ఏళ్ల తరబడి కూలెంట్ మార్చని కార్లలో ఇలా జరుగుతుంది.

బోరు నీళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నీళ్లు కాచే హీటర్ కడ్డీ మీద కొన్నాళ్లకు తెల్లటి పెచ్చు కడుతుంది. గోరుతో గీకినా రాదు. ఇంజిన్ లోపల అత్యంత వేడిగా ఉండే గోడల మీద, అంటే హెడ్ చుట్టూ, అచ్చం అలాంటి పెచ్చే పేరుకుంటుంది. వేడిని పంపే గుణంలో ఈ సున్నపు పొర అల్యూమినియంతో పోలిస్తే వందో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. లోహానికి దుప్పటి కప్పినట్టవుతుంది. అత్యవసరంలో దారి మధ్య దొరికిన నీళ్లు పోయక తప్పదు. గమ్యం చేరాక వాటిని తీయించి, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ నింపించడమే దానికి విరుగుడు.

రంగు విషయంలో గందరగోళం కూడా ఎక్కువే. ఆకుపచ్చ, నారింజ, గులాబి, నీలం రంగులకు అన్ని సంస్థలూ పాటించే ప్రమాణమంటూ లేదు. రంగు కలిసిందని రెండు రకాలు కలిపితే రసాయనాలు ఒకదాన్నొకటి దెబ్బతీయవచ్చు, కొన్నిసార్లు జిగురులా చిక్కబడవచ్చు. మాన్యువల్‌లో రాసిన రకమే ప్రమాణం. డబ్బా మీద చూడాల్సింది ఇంకొకటి ఉంది: అది నేరుగా పోసేదా, నీళ్లు కలపాల్సినదా? నేరుగా పోసే రకానికి మళ్లీ నీళ్లు కలిపితే రక్షణ బాగా తగ్గిపోతుంది.

గాలికి అడ్డు, ప్రవాహానికి అడ్డు

ఇంధనంలోని శక్తిలో స్థూలంగా మూడో వంతు చక్రాలకు చేరుతుంది, మూడో వంతు సైలెన్సర్ గుండా పోతుంది, మిగిలినది కూలెంట్ ద్వారా రేడియేటర్‌కు చేరి గాలిలో కలవాలి. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడ్డా వేడి హెడ్‌లోనే నిలిచిపోతుంది.

ఎక్కువ కార్లలో రేడియేటర్ ముందు ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఉంటుంది. బయటి గాలి ముందు కండెన్సర్‌ను దాటి, అక్కడే వేడెక్కి, తర్వాత రేడియేటర్‌ను చేరుతుంది. రెండింటి మధ్య సందు రెండు వేళ్లు పట్టేంత కూడా ఉండదు. పత్తి తీసే రోజుల్లో గాలిలో తేలే దూది, వరి కోతల కాలపు పొట్టు, రాత్రి ప్రయాణాల్లో తగిలే పురుగులు ఈ సందులో చిక్కి, దుమ్ముతో కలిసి గట్టిపడతాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది, వెనక రేడియేటర్ మాత్రం గోనెపట్టా కప్పినట్టు ఉంటుంది. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టి శుభ్రం చేయాలి. ఎక్కువ ఒత్తిడితో కొడితే సన్నని రెక్కలు వంగిపోయి గాలి దారి ఇంకా మూసుకుపోతుంది.

కారు ఎప్పుడు వేడెక్కుతోంది అన్నదాన్ని బట్టి లోపం ఎక్కడుందో చాలావరకు ఊహించవచ్చు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కి, రోడ్డు మీద వేగం అందుకోగానే తగ్గితే అనుమానం ఫ్యాన్ మీద, దానికి కరెంటు అందించే స్విచ్చు లాంటి రిలే మీద, ఫ్యూజు మీద. వేగంగా వెళ్తున్నప్పుడే వేడెక్కితే గాలి అందుతూనే ఉంది కాబట్టి రేడియేటర్ లోపల పూడిక, వాటర్ పంపు, థర్మోస్టాట్‌లను చూడాలి. తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్ రోడ్లు ఈ రెండు పరీక్షలనూ ఒకేసారి పెడతాయి: వేగం తక్కువ, భారం ఎక్కువ.

థర్మోస్టాట్ గురించి ఒక పాత అలవాటు ఇంకా పోలేదు. బండి వేడెక్కుతోందంటే దాన్ని తీసి పారేస్తారు. సాధారణంగా 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకునే ఈ వాల్వు ఇంజిన్‌ను తగిన వేడిలో ఉంచుతుంది. చాలా ఇంజిన్లలో అది తెరుచుకుంటూనే రేడియేటర్‌కు వెళ్లని అడ్డదారిని మూసేస్తుంది. దాన్ని తీసేస్తే అడ్డదారి తెరిచే ఉండి, కూలెంట్‌లో కొంత భాగం చల్లబడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి వెళ్తుంది. చలికాలంలో ఇంజిన్ సరిగా వేడెక్కదు, ఎండాకాలంలో భారం పడితే చల్లబడదు. పాడైన థర్మోస్టాట్‌ను మార్చాలి. తీసేయడం మరమ్మతు కాదు.

వ్యవస్థ మొత్తంలో చవకైన భాగాల్లో ఒకటి రేడియేటర్ మూత. దాని స్ప్రింగు బలహీనపడినా, రబ్బరు వాషరు ఎండి పగిలినా పీడనం నిలవదు. పీడనం లేకపోతే పైన చెప్పిన 129 డిగ్రీలు 107కు పడిపోతాయి. ఇంత చిన్న వస్తువు ఇంత పెద్ద తేడా తెస్తుందని చాలామందికి తెలియదు. అందుకే సర్వీసింగ్‌లో దీన్ని పరీక్షించమని అడిగేవారు కూడా తక్కువే.

ముల్లు చెప్పేది, చెప్పనిది

నేటి కార్లలో ఉష్ణోగ్రత ముల్లు నిజమైన వేడిని యథాతథంగా చూపదు. డ్రైవరు కంగారు పడకుండా కొంత విస్తృతమైన పరిధిలో అది మధ్యలోనే నిలిచేలా అమరుస్తారు. అది కదిలిందంటే వేడి అప్పటికే ఆ పరిధి దాటింది. చాలా చిన్న కార్లలో ముల్లు కూడా లేదు, ఎర్ర దీపం ఒక్కటే ఉంటుంది. అది వెలిగేసరికి మిగిలిన వ్యవధి నిమిషాల్లోనే.

ఇంకా ప్రమాదకరమైన పరిస్థితి ఒకటుంది. సెన్సర్ ద్రవంలో మునిగి ఉంటేనే వేడిని సరిగా కొలుస్తుంది. హోస్ పగిలి కూలెంట్ అంతా కారిపోతే సెన్సర్ గాలిలో మిగులుతుంది. ముల్లు ఒక్కసారి పైకి ఎక్కి, తర్వాత కిందికి దిగిపోవచ్చు. తగ్గింది కదా అని ముందుకు నడిపిన ఆ కొద్ది కిలోమీటర్లే హెడ్‌ను వంచేస్తాయి. హీటర్ వేస్తే వేడి గాలికి బదులు చల్లగాలి రావడం కూలెంట్ అయిపోయిందనడానికి మంచి ఆనవాలు.

ముల్లు ఎక్కుతుంటే ముందు ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడి వైపు తిప్పాలి. హీటర్ లోపల ఉన్నదీ ఒక చిన్న రేడియేటరే కాబట్టి కొంత వేడిని అది లాగేస్తుంది. సురక్షితమైన చోట ఆపి, ఇంజిన్ కట్టేయాలి. మూత వెంటనే తీస్తే పీడనంలో ఉన్న ద్రవం ఎగజిమ్మి ముఖం, చేతులు కాలతాయి. అరగంటకు పైగా ఆగడం మంచిది. కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగిలే అవకాశం ఉంది. ఇల్లు ఇంకో ఐదు కిలోమీటర్లే ఉందనిపించినా టోయింగ్ ఖర్చు హెడ్ పని ఖర్చు ముందు చాలా తక్కువ. సాధారణ వాహన బీమా యాంత్రిక వైఫల్యాలకు పరిహారం ఇవ్వదన్నది కూడా గుర్తుంచుకోవాల్సిన విషయం.

తప్పు తయారీదైతే

నిర్వహణ బాగున్నా గ్యాస్కెట్లు పోయిన ఇంజిన్లు లేకపోలేదు. బ్రిటన్‌కు చెందిన రోవర్ కె సిరీస్ ఇంజిన్ ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. ముఖ్యంగా 1.8 లీటర్ల రకంలో ఈ సమస్య విస్తృతంగా కనిపించింది. ఆ ఇంజిన్‌లో పట్టే కూలెంట్ తక్కువ, కాబట్టి కొద్దిపాటి లీకు కూడా త్వరగా ప్రమాదంగా మారేది. హెడ్‌ను సరైన స్థానంలో నిలిపే పిన్నులు ఒక దశలో ప్లాస్టిక్‌వి. గ్యాస్కెట్ మీద కూలెంట్‌ను ఆపే రబ్బరు గీతలు ఊడి వచ్చేవి. తర్వాత స్టీలు పిన్నులు, పొరల స్టీలు గ్యాస్కెట్ వచ్చాయి.

అమెరికాలో ఎక్కువగా అమ్ముడైన జపాన్ సంస్థ సుబారు 2.5 లీటర్ల ఇంజిన్లది ఇంకో దారి. సిలిండర్లు రెండు వైపులా పడుకొని ఉండే ఈ ఇంజిన్లలో గ్యాస్కెట్ నిలువుగా నిలబడుతుంది. తొలి రకంలో లోపలి లీకులు, 1999 తర్వాతి రకంలో బయటికి కారే లీకులు ఎక్కువగా కనిపించాయి. 2000వ దశకం మొదట్లో సంస్థ కొన్ని మోడళ్లకు కూలెంట్‌లో కలిపే ప్రత్యేక కండిషనర్ ద్రవం పోయించి, ఆ షరతు మీద వారంటీ పొడిగించింది. అమెరికాలో పాత సుబారు కొనాలనుకునే తెలుగువారు గ్యాస్కెట్ ఇప్పటికే మార్చారా, ఏ రకంతో మార్చారు అని అడగడం అవసరం.

రెండు ఉదాహరణలనూ పక్కపక్కన పెడితే ఒక తేడా కనిపిస్తుంది. రూపకల్పన లోపం గ్యాస్కెట్‌కు ఉన్న ఓర్పును తగ్గిస్తుంది. ఆ ఓర్పు ఎంత త్వరగా ఖర్చవుతుందన్నది కూలెంట్ మట్టం, దాని వయసు నిర్ణయిస్తాయి. రోవర్‌లో కూలెంట్‌ను వారం వారం చూసుకోవడం మిగతా కార్లకన్నా ఎంతో ఎక్కువ విలువైన అలవాటు అయింది.

తొలి గుర్తులు

బయట ఎక్కడా తడి లేకుండా కూలెంట్ తగ్గుతూ ఉండడం అన్నింటికన్నా ముందు వచ్చే సూచన. ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ నిల్వ డబ్బా (రిజర్వాయర్) మీద పెన్సిలుతో గీత పెట్టి, వారం తర్వాత అదే సమయానికి చూస్తే అనుమానం తీరుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే పై హోస్ రాయిలా గట్టిపడితే సిలిండర్ వాయువు కూలెంట్‌లోకి చేరుతోందని అనుమానించాలి. రిజర్వాయర్‌లో ఆగకుండా బుడగలు రావడం, వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తీపి వాసనతో తెల్లటి పొగ రావడం, ఉదయం పూట ఒక సిలిండర్ తడబడి కాసేపటికి సర్దుకోవడం కూడా ఇదే కోవకు చెందుతాయి.

ఆయిల్ మూత కింద పాలు కలిపిన కాఫీ రంగు జిగురు కనిపిస్తే చాలామంది గ్యాస్కెట్ పోయిందని తేల్చేస్తారు. ఇక్కడ తొందరపడకూడదు. రోజూ రెండు మూడు కిలోమీటర్లే నడిచే కార్లలో చలికాలపు తేమ వల్ల కూడా మూత కింద కొద్దిగా అలా చేరుతుంది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగు ఉంటే విషయం తీవ్రమైనది.

హెడ్ దించే ముందు చేయదగ్గ పరీక్షలు ఉన్నాయి. రేడియేటర్ నోటి దగ్గర గాలిని నీలిరంగు రసాయనం గుండా లాగితే, అందులో సిలిండర్ వాయువు ఉన్నప్పుడు రంగు పసుపు వైపు మారుతుంది. కూలెంట్ వ్యవస్థకు పంపుతో పీడనం ఇచ్చి నిలుస్తుందో లేదో చూడవచ్చు. సిలిండర్లలో పీడనాన్ని కొలిచే కంప్రెషన్ పరీక్షలో పక్కపక్కనున్న రెండు సిలిండర్లు తక్కువ చూపితే వాటి మధ్య గ్యాస్కెట్ తెగిందనుకోవచ్చు. వీటిలో ఒక్కటీ చేయకుండా హెడ్ దించాలంటే కారణం అడగడం యజమాని హక్కు.

హెడ్ దించాక

గ్యాస్కెట్ మార్చడమంటే ఇంజిన్ పై సగం విప్పడం. ఖర్చంతా అందులోనే ఉంది. హెడ్‌ను లేతు షాపుకు పంపి, ఉక్కు బద్దను దాని మీద నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా ఆనించి, కింద సందులోకి ఫీలర్ గేజి (సందును కొలిచే పలుచని రేకు) దూరుతుందేమో చూస్తారు. దూరితే ఫేసింగ్ చేయాలి, అంటే ఉపరితలాన్ని చెక్కి చదును చేయాలి. పగుళ్ల పరీక్ష కూడా అప్పుడే జరగాలి. చాలా ఇంజిన్లలో హెడ్ బోల్టులు బిగించినప్పుడు సాగే రకం. వాటిని మళ్లీ వాడితే పాత బిగింపు రాదు. కొత్త బోల్టులతో, మధ్య నుంచి అంచులకు, మాన్యువల్‌లోని వరుసలో దశలవారీగా బిగించాలి.

కొత్త గ్యాస్కెట్ కొన్ని నెలల్లోనే మళ్లీ పోయిందంటే మొదట వేడి ఎందుకెక్కిందో ఎవరూ వెతకలేదని అర్థం. ఫ్యాన్ రిలే, మూత, వాటర్ పంపు, రేడియేటర్ పూడిక అప్పుడే తేల్చుకోవాలి. లీకులు ఆపే జిగురు ద్రవాలు పోయడం ఈ దశలో మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. అవి రేడియేటర్, హీటర్‌ల సన్నని గొట్టాలనే ముందు మూసేస్తాయి. చివరి పని లోపల చిక్కిన గాలిని తీయడం. హీటర్ పూర్తిగా తెరిచి, ఇంజిన్‌ను తక్కువ వేగంలో నడుపుతూ, బుడగలు ఆగేదాకా కూలెంట్ నింపాలి. ఒక రాత్రి చల్లారనిచ్చి, మర్నాడు ఉదయం మట్టం చూస్తే ఎంతో కొంత తగ్గి ఉంటుంది. ఆ తగ్గినంత నింపాకే బండిని దూర ప్రయాణానికి తీయాలి.